పట్టాలు దాటకుండా ఆపాలంటే గోడా, వంతెనా, అండర్‌పాసా?

"పట్టాల వెంబడి గోడ కట్టేస్తే పోలేదా?" ఎవరో రైలు కింద పడ్డారని తెలిసినప్పుడల్లా మా వీధిలో వినబడే ప్రశ్న ఇది. తిరుపతిలో రైలుదారి ఊరి మధ్యలోంచే పోతుంది మరి. చాలాకాలం నేనూ గోడే కావాలన్నాను. ఇప్పుడనడం లేదు.

మా దగ్గర గోడ ఉంది, దానికో కంతా ఉంది. రెండుసార్లు పూడ్చారు, రెండుసార్లూ మళ్లీ పడింది. దూరేవాళ్ల భుజాలు రాసుకుని ఇటుకల అంచులు నున్నబడ్డాయి. అవతల దిగడానికి ఎవరో బండరాయి మెట్టుగా వేశారు. పూలమ్మే అవ్వ పొద్దున్నే గంపను ముందు కంతలోంచి అవతల పెట్టి, తర్వాత తను వంగి దూరుతుంది. అడిగితే, "గేటు దాకా పోయి చుట్టుకుని రావాలంటే అరగంట నాయనా, పూలు వాడిపోవా?" అంది.

నా లెక్కలో అంతా తేల్చేది ఆ అరగంటే. చుట్టుదారి ఎంత ఎక్కువైతే గోడకు కంత అంత తొందరగా పడుతుంది.

జరిమానా సంగతా? 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. అవ్వకు వేస్తే ఆ రోజు సంపాదన పోతుంది, మర్నాడు కంత అక్కడే ఉంటుంది. హెచ్చరిక బోర్డులు ఉంటే ఉండనీండి.

కాలివంతెన మంచిదే. కానీ పట్టాల మీద 25 వేల వోల్టుల తీగ ఉంటుంది కాబట్టి దానికి బాగా పైన కట్టాలి. అన్ని మెట్లు గంపతో, మోకాళ్ల నొప్పులతో ఎక్కాలి. సైకిలుంటే మోసుకుపోవాలి. అండర్‌పాసుకు మనిషి ఎత్తుకు కాస్త పైన ఉంటే చాలు, వాలుగా దిగి వాలుగా ఎక్కొచ్చు. అందుకే నా ఓటు దానికే.

దాని బాధ నీళ్లు. 2021 నవంబరు వానలకు మన ఊరు ఎలా మునిగిందో చూశాం. నీళ్లు తోడే మోటారు, పూడిక తీసే మనిషి, రాత్రంతా లైట్లు లేకుండా కడితే ఆడపిల్లలు అటు పోరు, మళ్లీ పట్టాలే ఎక్కుతారు. ఇవన్నీ అమరాక గోడ కట్టండి, అప్పుడు నిలుస్తుంది.

ఇంకొకటి, చోటు. స్థలం ఖాళీగా ఉందని ఫర్లాంగు అవతల కడితే అవ్వకు మళ్లీ చుట్టే. వీధివాళ్లం రాస్తున్న అర్జీలో మొదటి వాక్యం అదే పెట్టాం: కంత ఉన్నచోటే కట్టండి.