రెండు నీళ్ళ సీసాలకు 28 డాలర్లు: డాలస్‌లో ఐస్ హాకీ చూసిన వైనం

ముందు హోటల్ సంగతి చెప్పేస్తాను. ఆ మంట చల్లారితే గాని ఆట గురించి రాయడానికి చెయ్యి ఆడదు.

మేం ఉండేది హ్యూస్టన్‌లో. ఇంత పెద్ద ఊరు, ఎన్‌హెచ్ఎల్ (అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్) జట్టు మాత్రం లేదు. మావాడికి పదేళ్ళు. ఫోన్‌లో ఐస్ హాకీ చూసి చూసి, డాలస్ స్టార్స్ ఆట చూపిస్తావా లేదా అని ఏడాదిగా ప్రాణం తీస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మా మావయ్యగారు కొత్తగూడెం నుంచి వచ్చి ఉన్నారు. నవంబరులో ఒకే వారం గురువారం ఒక ఆట, శనివారం ఒక ఆట, రెండూ డాలస్ అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ అనే అరీనాలోనే. నలుగురం బయల్దేరాం. 240 మైళ్ళు, మధ్యలో మ్యాడిసన్‌విల్‌లో బకీస్ అనే పెట్రోలు బంకు దగ్గర ఒకసారి ఆగాం. దారి గురించి అంతకంటే చెప్పేదేం లేదు.

హోటల్ పేరు రాయను. డౌన్‌టౌన్ వైపు, చూడ్డానికి దర్జాగానే ఉంటుంది. యాప్‌లో "అరీనాకు 10 నిమిషాల నడక" అని ఉంది, గది 139 డాలర్లు. కౌంటర్ దగ్గరికి వెళ్ళాక డెస్టినేషన్ ఫీజు అని ఇంకో 28 కలిపారు. ఇది దేనికండీ అని అడిగితే, గదిలో రెండు నీళ్ళ సీసాలు, వైఫై, జిమ్ అని చెప్పారు. జిమ్‌కు పోయే మొహాలా మావి? కారు మనం పెట్టుకోవడానికి లేదు, తాళాలు వాళ్ళ చేతికే ఇవ్వాలి, దానికి 48, పన్నుతో 51.96. అన్నీ కలిపి రాత్రికి 244 డాలర్ల ఒక సెంటు. మా ఆవిడ ఆ రెండు సీసాలూ తీసి సంచిలో పెట్టుకుని, "ఏవండీ, వీటిని ఇంటికి పట్టుకెళ్ళి దేవుడి గూట్లో పెడదాం" అంది. ఆ తర్వాత రెండు గంటలు నాతో మాట్లాడలేదు, హోటల్ కట్టింది నేనైనట్టు.

10 నిమిషాల నడక ఎవరు లెక్కేశారో గాని, మాకు 35 నిమిషాలు పట్టింది. ఫ్రీవే కింద నుంచి, సగం దూరం ఫుట్‌పాత్ కూడా లేకుండా. మావయ్యగారి మోకాళ్ళ సంగతి తెలిసి కూడా నడిపించినందుకు నాకే సిగ్గేసింది. తిరిగొచ్చేటప్పుడు నడిచే ఓపిక లేక క్యాబ్ ఎక్కాం, మైలున్నర దూరానికి 31 డాలర్లు. ఇంతాచేసి పడుకుంటే, మా గది గోడ అవతలే ఐస్ మెషీన్. గంటకోసారి బకెట్‌లో ముక్కలు దబదబా పడుతున్నాయి. "మంచు చూడ్డానికే కదా వచ్చాం, వినండి" అంది మా ఆవిడ చీకట్లో.

గురువారం టికెట్లలోనూ నేనే తప్పు చేశాను. మొదటిసారి కదా, దగ్గర నుంచి చూద్దామని కింద మూలన, మంచు చుట్టూ ఉండే అద్దానికి ఆరో వరసలో తీసుకున్నాను. రీసేల్ యాప్‌లో ఒక్కోటి 118, ఫీజు 27.50. నలుగురికీ 582 డాలర్లు. ఈ డబ్బులో సగం దండగ. రింకు, అంటే ఆడే మంచు మైదానం, పొడవు 200 అడుగులు, వెడల్పు 85. మూల నుంచి చూస్తే అవతలి గోల్ దగ్గర ఏం జరుగుతోందో తెలియదు. పక్ అన్నది మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న రబ్బరు బిళ్ళ. ఎగిరెగిరి పడకుండా ఉండాలని ఆటకు ముందు దాన్ని గడ్డకట్టిస్తారు కూడా. అది అటు చివరికి వెళ్ళగానే జనం లేచేవాళ్ళు, మేం స్క్రీన్ చూసేవాళ్ళం. స్క్రీన్ చూడ్డానికైతే ఇంట్లో సోఫా ఉంది కదా.

అద్దం దగ్గర కూర్చున్నందుకు దక్కింది చప్పుడొక్కటే. ఇద్దరు ఆటగాళ్ళు వేగంగా వచ్చి మన ముందు అడ్డుగోడను గుద్దుకుంటే మన కుర్చీ అదురుతుంది. మావాడు దానికే గంతులేశాడు.

చలి గురించి ముందే చెప్పాలి. బయట టెక్సాస్ ఎండ చూసి పల్చటి చొక్కాలతో వెళ్ళకండి, కింద వరసల్లో మరీ. మావయ్యగారు కొత్తగూడెం నుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని కూర్చున్నారు. నేను కాస్త మొహమాటపడ్డాను. గంట తర్వాత మా ఆవిడ ఆ శాలువాలో సగం లాక్కుంది.

వచ్చిన జట్టు కెనడాది కాబట్టి రెండు జాతీయగీతాలు పాడారు. అమెరికా గీతంలో "స్టార్స్" అనే మాట రాగానే హాలంతా ఒక్కసారిగా ఆ మాట అరుస్తుంది. రెండుచోట్ల అరుస్తారు. మొదటిసారికి మావయ్యగారు ఉలిక్కిపడి పక్కనున్నాయన భుజం పట్టుకున్నారు. రెండోసారికి తనూ అరిచారు.

ఆయన హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆట అనుకుని వచ్చారు. మొదటి పీరియడ్ (ఆట మూడు భాగాల్లో మొదటిది) అంతా ముఖం చిట్లించుకునే ఉన్నారు. "అల్లుడూ, ఆడేవాళ్ళు ఆడుతుంటేనే కంచె దూకి పోతున్నరు, కొత్తోళ్ళు దూకి వస్తున్నరు, ఎవరూ అడగరా?" అన్నారు. అదే ఆట పద్ధతి, ఒక్కొక్కరూ 45 సెకన్లు అటూఇటుగా ఆడి మారిపోతారు, దాన్ని షిఫ్ట్ అంటారని మావాడు చెప్పాడు. ఆయన సింగరేణిలో 34 ఏళ్ళు భూగర్భ గనిలో షిఫ్టులు చేసిన మనిషి. ఆ మాట చెవిన పడగానే ముఖం విప్పారింది. "మావి ఎనిమిది గంటల షిఫ్టులు. వీళ్ళవి ముప్పావు నిమిషమా!" అని, అక్కడి నుంచి పక్ వదిలేసి బెంచీనే చూస్తూ కూర్చున్నారు. ఎవరు అలిసిపోయినా బయటికి రావడం లేదో, ఎవరు ఆలస్యంగా దూకారో, ఆరుగురికి బదులు ఏడుగురు ఎప్పుడు దిగారో ఆయనే మాకు చెప్పారు. ఆ ఏడో మనిషి తప్పుకు రెండు నిమిషాల పెనాల్టీ పడింది కూడా. రిఫరీ చెయ్యెత్తకముందే మావయ్యగారు లేచి నిలబడ్డారు.

స్కోరు సమమై, ఓవర్‌టైమ్ అనే అదనపు ఆటలో స్టార్స్ ఓడింది. అలా ఓడినా ఒక పాయింట్ ఇస్తారంటే ఆయన నమ్మలేదు.

శుక్రవారం పొద్దున్నే ఆ హోటల్ ఖాళీ చేసి డాలస్ దగ్గరే ఉన్న ఫ్రిస్కో వెళ్ళాం. డబ్బు ఖర్చు లేకుండా మనసు నిండింది ఈ ఒక్క రోజే. స్టార్స్ ప్రాక్టీసు ఫ్రిస్కోలోని కొమెరికా సెంటర్‌లో చేస్తారు, జనం వెళ్ళి ఉచితంగా చూడొచ్చు. వేళలు మారుతుంటాయి, ముందురోజు రాత్రి చూసుకుని వెళ్ళాలి. అక్కడ సంగీతం లేదు, అరుపుల్లేవు. మంచును స్కేట్లు గీరే చప్పుడు, కర్రకు పక్ తగిలే టక్కుమనే శబ్దం, అంతే. మావయ్యగారు స్టార్స్ గోలీ (గోల్‌కీపర్) జేక్ ఒటింగర్‌నే చూస్తూ ఉన్నారు. ఈ జట్టు 1993 వరకు మిన్నెసోటాలో ఉండేది, అప్పుడు పేరు నార్త్ స్టార్స్. డాలస్‌కు తరలించినప్పుడు మిన్నెసోటా వాళ్ళు చాలా బాధపడ్డారు. ఒటింగర్ పుట్టిందీ ఆ మిన్నెసోటాలోనే, 1998లో. "ఊరి జట్టును ఎత్తుకొచ్చి, ఊరి పిల్లగాణ్ణి కూడా ఎత్తుకొచ్చిన్రన్న మాట" అన్నారాయన. మా ఆవిడ మాత్రం అరగంట చూసి, ఫ్రిస్కోలోనే ఉన్న కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్ళిపోయింది. ప్రసాదం తెచ్చి అందరికీ పెట్టింది. హోటల్ కోపం అక్కడితో తగ్గింది.

శుక్రవారం, శనివారం రాత్రులు డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో ఉన్నాం. గది 98, పన్నులతో 112.70. పార్కింగ్ ఉచితం, పొద్దున టిఫిన్ ఉంది (వాఫుల్స్, ఉడకబెట్టిన గుడ్లు, మరీ ఆశపడకండి). హోటల్‌కు నడిచే దూరంలో డార్ట్ (డాలస్ లోకల్ రైలు) ఆరెంజ్ లైన్ స్టేషన్. శనివారం మధ్యాహ్నం మహాత్మా గాంధీ విగ్రహం చూసి, సాయంత్రం రైలెక్కాం. రోజు పాస్ పెద్దవాళ్ళకు 6 డాలర్లు. అరగంటలో విక్టరీ స్టేషన్, దిగితే అరీనా ఎదురుగానే. గురువారం పడ్డ పాట్లన్నీ గుర్తొచ్చి నా నెత్తిన నేనే మొట్టుకున్నాను. ఫోర్ట్‌వర్త్ వైపు ఉండేవాళ్ళకు టీఆర్ఈ రైలు కూడా అక్కడే ఆగుతుంది, కాకపోతే ఆదివారం నడవదు.

శనివారం మావయ్యగారు మాంసం ముట్టరు, మా ఆవిడ ఎప్పుడూ ముట్టదు. గురువారం 13.50 పెట్టి తిన్న నాచోస్ చాలని, ఈసారి పులిహోర కలిపి తెచ్చింది. బయటి తిండి లోపలికి రానివ్వరని తెలుసు, కానీ రైల్లో వచ్చాం కాబట్టి డబ్బా పెట్టడానికి కారూ లేదు. గేటు బయట స్టార్స్ పాత ఆటగాడు మైక్ మొడానో విగ్రహం ఉంది, 2024లో పెట్టింది. ఎన్‌హెచ్ఎల్‌లో 561 గోల్స్ కొట్టినవాడు. ఆయన కాళ్ళ దగ్గర నిలబడి నలుగురం పది నిమిషాల్లో పులిహోర అవగొట్టాం. ఆకుపచ్చ స్టార్స్ జెర్సీల వాళ్ళు ఫొటోలు తీసుకోవడానికి మాకోసం ఆగారు. ఒకావిడ వాసన చూసి ఏంటని అడిగింది, మా ఆవిడ స్పూన్‌తో పెట్టింది. ఈ యాత్రలో అన్నిటికంటే రుచైన భోజనం అదే.

ఈసారి పై అంతస్తులో 300ల సెక్షన్, టికెట్ 54, ఫీజు 14.25, నలుగురికీ 273. మొదటిసారి వెళ్ళేవాళ్ళు కళ్ళు మూసుకుని పైనే తీసుకోండి. రింకు మొత్తం క్యారమ్స్ బోర్డులా కనిపిస్తుంది. పాస్ ఎటు పోతోందో ఆటగాడి కంటే ముందు మనకే తెలుస్తుంది. పీరియడ్‌కూ పీరియడ్‌కూ మధ్య 18 నిమిషాల విరామంలో జాంబోనీ బండ్లు వచ్చి, గీతలు పడ్డ మంచును చెక్కి నీళ్ళు పూస్తాయి. కల్లం అలికినట్టు నున్నగా మెరుస్తుంది. మావయ్యగారు బాత్రూమ్‌కు కూడా లేవకుండా అదే చూశారు.

పక్క సీటు పెద్దాయన మంచి కబుర్లపోగు. 1999లో స్టార్స్ స్టాన్లీ కప్ (ఎన్‌హెచ్ఎల్ ట్రోఫీ) గెలిచిన కథ మాకు మొదటి నుంచీ చెప్పాడు. బఫెలో జట్టుతో వాళ్ళ ఊళ్ళోనే ఆరో ఆట, మూడో ఓవర్‌టైమ్, స్టార్స్ ఆటగాడు బ్రెట్ హల్ గోల్. అప్పటికి హల్ కాలు గోలీ ముందు గీత లోపల ఉందని, ఆ గోల్ చెల్లదని బఫెలో వాళ్ళు ఇప్పటికీ అంటారు. "కాలు గీత లోపల ఉందా లేదా, నువ్వు చెప్పు" అని నేనడిగితే ఆయన నవ్వి పాప్‌కార్న్ అందించాడు.

మూడో పీరియడ్‌లో ఇద్దరు గ్లవ్స్ పారేసి కొట్టుకున్నారు. రిఫరీలు కాసేపు చూస్తూ నిలబడ్డారు. ఇద్దరికీ చెరో ఐదు నిమిషాలు. మా ఆవిడ పిల్లాడి కళ్ళు మూయబోతే వాడు చెయ్యి తోసేశాడు. ఆ రోజు స్టార్స్ గెలిచింది.

వచ్చేటప్పుడు మావయ్యగారు షాపులో ఒక పక్ కొనమన్నారు, 12 డాలర్లు. రైల్లో అది చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడది కొత్తగూడెంలో ఉంది. మొన్న ఫోన్ చేస్తే షోకేసులో పెట్టారా అని అడిగాను. అత్తయ్యగారు గ్రైండర్ ఊగుతోందని ఒక కాలి కింద పెట్టారట. అంగుళం మందం, సరిగ్గా సరిపోయిందట.