అప్‌స్కేలింగ్ కేబుల్ రెండేళ్లు వాడాక: మూడు వారాలు అది ఆగిపోయినా నాకు తెలియలేదు

రంపపు పళ్లంటే నాకు పడదు. ఆటలో ఏ కరెంటు తీగో కనిపిస్తుంది, అది తిన్నగా ఉండకుండా మెట్లు మెట్లుగా ఉంటుంది. కెమెరా కాస్త తిప్పితే చాలు, ఆ మెట్లు చీమల బారులా పాకుతాయి. ఒకసారి అది కంట పడిందా, ఇక కథ మీద ధ్యాస ఉండదు. హీరో కత్తి దూసి శత్రువు మీదికి ఉరుకుతుంటే నేను ఆ కత్తి అంచు చూస్తూ కూర్చుంటా. ఈ జబ్బు లేనివాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. మీకు ఈ అప్‌స్కేలింగ్ కేబుల్‌తో, అంటే కన్సోల్ పంపే బొమ్మను పెద్దది చేసి, అంచులు నునుపు చేసి టీవీకి ఇచ్చే వస్తువుతో పని లేదు.

నాది మొదటి తరం నింటెండో స్విచ్ గేమ్ కన్సోల్, పెద్ద 4కే టీవీ. గది చిన్నది కాబట్టి టీవీకి బాగా దగ్గరగా కూర్చుంటాను, పైగా కళ్లజోడు. రంపపు పళ్లు కనబడటానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదేమో.

కన్సోల్‌ని టీవీకి కలిపే మామూలు హెచ్‌డీఎంఐ తీగ ఎంత లావుగా ఉన్నా, కొనలకు బంగారు పూత పూసినా బొమ్మను బాగుచేయదు. అందులో పోయేది అంకెలే. అవి సరిగ్గా చేరితే బొమ్మ ఎలా బయల్దేరిందో అలాగే వస్తుంది, చేరకపోతే తెర మీద చుక్కలు మెరుస్తాయి, లేదా తెర నల్లబడుతుంది. రంగులు కొంచెం బాగుండటం, అంచులు కొంచెం నున్నబడటం లాంటివి తీగ వల్ల జరగవు. ఏదన్నా మారాలంటే మధ్యలో ఒక చిప్ ఉండాలి. అలాంటివి రెండు రకాలు: కేబుల్‌లోనే చిప్ ఇమిడ్చినవి, కేబుల్ చివర చిన్న బిళ్లలా తగిలించేవి. నాది రెండో రకం. పక్కన ఒక చిన్న మీట, ఒక పచ్చ లైటు, కరెంటు కోసం యూఎస్‌బీ తోక. హెచ్‌డీఎంఐలోనూ 5 వోల్టుల పిన్ను ఒకటి ఉంటుంది గానీ, దాని మీద ఇంత పని చేసే చిప్ నడవదు. అందుకే ఆ తోక. మీట ఒకవైపు జరిపితే చిప్ పనిచేస్తుంది, ఇంకోవైపు జరిపితే వచ్చిన బొమ్మను వచ్చినట్టే వదిలేస్తుంది. ఈ మీట సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే.

బిగించిన మొదటి రాత్రి నేను మామూలుగా లేను. పడవ తెరచాప తాళ్లు తాళ్లలా ఉన్నాయి. కంచెలో ఒక్కో కర్ర విడివిడిగా నిలబడింది. వారం తిరక్కుండా స్నేహితులందరికీ 'కన్సోల్ మార్చేసినట్టుంది రా' అని మెసేజ్ పెట్టా. ఇద్దరు నా మాట నమ్మి కొన్నారు కూడా. ఆ మెసేజ్ వెనక్కి తీసుకోను గానీ, దానికిప్పుడు కొన్ని సవరణలు చేయాలి.

ఏడాది పైన గడిచాక ఒక ఆదివారం టీవీ వెనక దుమ్ము దులిపాను. స్విచ్‌ని నిలబెట్టి టీవీకి కలిపే డాక్ అక్కడే, తీగల మధ్య ఇరుక్కుని ఉంటుంది. దులిపాక ఎప్పట్లాగే ఆడుకున్నా. మూడు వారాలు. ఆ మూడు వారాల్లోనే ఒక స్నేహితుడు వస్తే, వాణ్ణి సోఫాలో కూర్చోబెట్టి 'ఆ వంతెన తీగలు చూడు, ఎక్కడైనా మెట్లున్నాయా? అదీ కేబుల్ పవర్' అని పదిహేను నిమిషాలు క్లాసు పీకా. వాడూ తలూపాడు.

తర్వాత మా తమ్ముడు ఏదో పెన్‌డ్రైవ్ పెట్టడానికి టీవీ వెనక దూరి, అక్కణ్ణుంచే అరిచాడు.

"అన్నయ్యా, నీ అద్భుతానికి లైటు వెలగట్లేదేంటి?"

వెళ్లి చూస్తే మీట అటుపక్కకి జరిగి ఉంది. దుమ్ము గుడ్డ తగిలి ఉంటుంది. అంటే మూడు వారాలుగా ఆ బిళ్ల నిద్రపోతోంది, నేను నిద్రపోతున్నదాన్ని పొగుడుతున్నా. వాడు నవ్వాపకపోగా, ఇంకెన్నాళ్ల నుంచి ఆగిపోయిందో అని నన్ను ఇంకాస్త గిల్లాడు. దుమ్ము దులిపిన రోజు గుర్తుంది కాబట్టి మూడు వారాలని చెప్పగలిగా. లేకపోతే ఆ లెక్క కూడా తేలేది కాదు.

పరువు దక్కించుకోవడానికి వెంటనే పందెం వేశా: మీట ఎటుందో చూడకుండా చెప్తాను, పదిసార్లు. వినడానికి తేలికగా ఉంది గానీ, ఇందులో రెండు చిక్కులున్నాయి. మీట జరిపితే టీవీకి వెళ్లే రిజల్యూషన్, అంటే బొమ్మలోని చుక్కల లెక్క, మారుతుంది, తెర రెండు క్షణాలు నల్లబడి మళ్లీ వస్తుంది. ఆ నల్లదనమే నాకు గుట్టు విప్పేస్తుంది. కాబట్టి మీట జరిపినా జరపకపోయినా తమ్ముడు ప్రతిసారీ తీగ పీకి మళ్లీ పెట్టాలి. రెండోది, బొమ్మ రాగానే టీవీ పై మూలలో 1080 అనో 1440 అనో అంకె వేస్తుంది. అది మాయమయ్యేదాకా నేను కళ్లు మూసుకోవాలి. వాడు "ఆ, తెరువు" అంటేనే తెరవడం.

మొదటి ఆట బొమ్మల లోకం. గాఢమైన రంగులు, నల్లటి గీతలు, నీలాకాశం మీద తెల్లటి గోడలు. పదికి పది కొట్టా. ఆలోచించే పని కూడా లేకపోయింది, కళ్లు తెరవగానే తెలిసిపోతోంది. కాలర్ ఎగరేశా.

రెండోది గడ్డి, ఆకులు, పొగమంచు నిండిన ఆట. పదికి ఆరు. బొమ్మా బొరుసూ వేసినా ఐదు వస్తాయని తమ్ముడు గుర్తుచేశాడు. నేను మూడు వారాలు ఆడింది ఈ రెండో ఆటే.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదనిపించింది. ఈ చిప్‌కు అందేది తయారైపోయిన బొమ్మ. ఆ బొమ్మలో ఏది గోడ, ఏది మనిషి, ఏది ఎంత దూరంలో ఉందో దానికి తెలియదు. పక్కపక్క చుక్కల మధ్య రంగు ఒక్కసారిగా మారితే దాన్ని అంచు అనుకుంటుంది, అక్కడ మధ్యరంగులు నింపి మెట్లను నునుపు చేస్తుంది. పీసీ ఆటల్లో ఎఫ్ఎక్స్‌ఏఏ అని ఒక సెట్టింగు ఉంటుంది కదా, దాదాపు ఆ తరహా. తెల్లగోడకీ నీలాకాశానికీ మధ్య అంచు దానికి పట్టపగల్లా కనిపిస్తుంది. గడ్డిలో ప్రతి చుక్కా ఒక అంచే, ఎక్కడని నునుపు చేస్తుంది? పొగమంచులో అసలు అంచే ఉండదు. పైగా ఆ రెండో ఆట తన అంచుల్ని తనే ముందుగా మసక చేసి పంపిస్తుంది.

అయినా ఒక సందేహం మిగిలింది. మూడు వారాల్లో ఒక్క రోజైనా తేడా అనిపించాలి కదా? సమాధానం నా టీవీ సెట్టింగుల్లోనే దొరికింది. బిళ్ల బిగించిన మొదటి రాత్రి నేను ఇంకో పని కూడా చేశాను: టీవీలో షార్ప్‌నెస్ సున్నాకి దించాను. అంతకుముందు అది సగానికి ఉండేది. షార్ప్‌నెస్ పెంచితే వివరం పెరుగుతుందనుకుంటాం గానీ, నిజానికి టీవీ ప్రతి అంచు పక్కనా ఒక తెల్ల గీత గీసి దాన్ని ఎత్తిచూపుతుంది. అంటే ఉన్న రంపానికే పదును పెడుతుంది. అది దించగానే సగం మెట్లు కళ్లకి తగలడం మానేశాయి. ఆ ఘనతంతా నేను బిళ్ల ఖాతాలో వేశాను. మీట పక్కకి జరిగిపోయినా షార్ప్‌నెస్ సున్నాలోనే ఉంది, అందుకే నాకు ఏమీ తెలియలేదు. స్నేహితులకి పెట్టిన మెసేజ్‌లో 'కన్సోల్ మార్చేసినట్టుంది' అన్నదాంట్లో ఎంత భాగం ఈ పైసా ఖర్చు లేని మార్పుదో ఇప్పుడు చెప్పలేను. కొన్న ఇద్దరికీ ఈ సంగతి చెప్పాను. ఒకడు ఇంకా కోపంగానే ఉన్నాడు.

ఇక్కడితో ఆగితే ఇది తిట్ల సమీక్ష అయ్యేది. కానీ ఆ పందెం పుణ్యమా అని ఒక మంచి కూడా జరిగింది. ఓడిన ఉక్రోషంతో తవ్వుతుంటే తట్టింది: నా కన్సోల్‌ని 1080పీకి, అంటే 1080 వరుసల చుక్కలకి, పెట్టి ఉంచాను, చాలా ఆటలు లోపల గీసేది మాత్రం అంత కాదు. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ అనే ఆట డాక్‌లో 900పీ దగ్గర ఆగుతుంది, కొన్ని ఆటలు 720పీకి కూడా దిగుతాయి. కన్సోల్ దాన్ని 1080పీకి సాగదీసి పంపుతుంది. బిళ్ల దాన్ని 1440పీకి సాగదీస్తుంది. టీవీ దాన్ని మళ్లీ 4కే తెరంతా పరుస్తుంది. ఒకే గుడ్డని ముగ్గురు మూడుసార్లు లాగితే నేత ఏమవుతుంది? మొదటి సాగదీతలోనే అంచులు పలచబడిపోతాయి, చిప్‌కి పట్టుకోవడానికి గట్టి అంచు దొరకదు.

అన్నట్టు, అట్టపెట్టె మీద 4కే అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. సెకనుకు 60 ఫ్రేముల ఆటకి నా బిళ్ల ఇచ్చేది 1440పీ మాత్రమే. చిన్న అక్షరాల్లో అదీ రాశారు, నేనే చదవలేదు.

సరే, కన్సోల్ సెట్టింగుల్లోకి వెళ్లి టీవీ రిజల్యూషన్ కావాలనే 720పీకి దించా. చెయ్యి రాలేదు, నిజం చెప్పాలంటే. బొమ్మ బాగుపడాలని పరికరం కొని, పంపే చుక్కల్ని 20 లక్షల నుంచి 9 లక్షలకి తగ్గించుకోవడమేంటి? కానీ 720 నుంచి 1440 అంటే సరిగ్గా రెట్టింపు, ఒక్కో చుక్క చోట నాలుగు చుక్కలు. లెక్క ఎక్కడా చిందరవందర కాదు, చిప్‌కి ఆట గీసిన అంచులు దాదాపు గీసినట్టే చేతికొస్తాయి. 720పీ దగ్గర గీసే ఒక పాత రేసింగ్ ఆట పెట్టి చూశా. రోడ్డు పక్క రెయిలింగు దూరం పోయేకొద్దీ తెగిపోయి ముక్కలు ముక్కలుగా కనిపించేది, అది ఒకే గీతలా సాగిపోయింది. తమ్ముడితో మళ్లీ పదిసార్ల పందెం. ఈసారి గడ్డి ఆటలోనూ ఎనిమిది వచ్చాయి. వాడు ఒప్పుకోక ఇంకో పది అన్నాడు, నేను ఒప్పుకోలేదు. గెలిచినప్పుడే లేవాలి.

దీనికీ ఒక మూల్యం ఉంది, అది అక్షరాల దగ్గర. చాలా ఆటలు లోకాన్ని తక్కువ రిజల్యూషన్లో గీసినా మెనూలు, మ్యాపు మీద పేర్లు, తూటాల లెక్క మాత్రం నిండు 1080పీలో గీస్తాయి. 720పీకి దించగానే అవీ తగ్గిపోతాయి. ఆపైన చిప్ వాటిని కూడా అంచులే అనుకుని నునుపు చేస్తుంది. చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో 'ఈ'కీ 'సీ'కీ తేడా పోయి, చుట్టూ పల్చటి మసక ఉంగరం వస్తుంది. రేసింగ్ ఆటకి ఇదేం పట్టదు. కానీ సంభాషణలతో నిండిన ఒక పెద్ద ఆటని అలా ఆడబోయి, గంటకే తల బరువెక్కి మళ్లీ 1080పీకి వచ్చేశా. కాబట్టి ఇప్పుడు ఆటని బట్టి సెట్టింగు మారుస్తున్నా. ప్రతిసారీ మెనూలోకి వెళ్లి మార్చే ఓపిక అందరికీ ఉంటుందనుకోను. నాకూ కొన్ని రాత్రులు ఉండదు.

ల్యాగ్ గురించి, అంటే బటన్ నొక్కాక తెర మీద కదలిక రావడంలో ఆలస్యం గురించి, చాలామంది అడుగుతారు. నాకైతే తెలియలేదు. 60 ఫ్రేముల ఆటలో ఒక్క ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. దానిలో చిన్న ముక్క ఆలస్యమైతే నా చేతివేళ్లకి పట్టుకునే శక్తి లేదు. టీవీ గేమ్ మోడ్‌లో లేకపోతే పడే ఆలస్యం మాత్రం నాకే తెలుస్తుంది, ముందు అది చూసుకోండి.

కొనాలా అంటే, నా దగ్గర సూటి జవాబు లేదు. ఇంట్లో ఉన్నది పాత కన్సోలే అయ్యి, దాన్ని మార్చే ఉద్దేశం లేక, రంపపు పళ్లు కనిపిస్తే ఒళ్లు మండే మనిషైతే నాలాగే సంతోషపడొచ్చు. అదీ ముందు షార్ప్‌నెస్ దించి, ఒక వారం ఆడి చూశాకే. పీసీ వాళ్లకి దీంతో పని లేదు. ఆటలోనే బొమ్మను పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ 2 లాంటి సెట్టింగులు ఉంటే అవి ఆట లోపలి సమాచారం చూసి పనిచేస్తాయి, బయట తగిలించిన బిళ్ల వాటికి సాటి రాదు. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 డాక్‌లో 4కే తనే ఇస్తుంది, దానికి ఇది అడ్డమే తప్ప ఉపయోగం లేదు. వెలుగునీడల తేడాని ఇంకా ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ కూడా నా బిళ్ల గుండా వెళ్లదు. నేను స్విచ్ 2 కొన్న రోజు దీన్ని పీకేస్తాను. ఎప్పుడు కొంటానో మాత్రం తెలియదు.

ప్రస్తుతానికి అది డాక్‌కే ఉంది. మీట ఎటుందో కనిపించేలా డాక్‌ని టీవీ వెనక నుంచి పక్కకి జరిపాను. మర్నాడు చూస్తే పచ్చ లైటు మీద నల్ల టేపు ముక్క అతికించి ఉంది, తమ్ముడి పని. ఇంకా పీకలేదు, ఈ వారం ఆడుతున్నది ఆ గడ్డి ఆటే.