జాగ్రత్త: ఎస్పీ రోడ్ ‘200+200 వాట్ల’ ఆంప్లిఫయర్ సెట్లు కొనేముందు

వినాయక చవితి దగ్గర పడితే చాలు, బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లోనూ పక్క సందుల్లోనూ ‘200+200 వాట్స్’ అని స్టిక్కర్ వేసిన అసెంబుల్డ్ ఆంప్లిఫయర్లు బయటికొస్తాయి. బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్, హీట్‌సింక్ కలిపి సెట్టుగా కూడా ఇస్తారు. మారతహళ్లి వైపు ఉండే మనవాళ్లు చాలామంది ఇవే కొంటున్నారు. వాటిలో ఒకటి పూర్తిగా విప్పి, కొలిచి చూశాక రాస్తున్నదిది. షాపు పేరు చెప్పి లాభం లేదు, ఇదే సరుకు చాలా షాపుల్లో ఉంది.

లోపల రెండు టీడీఏ7294 ఆంప్లిఫయర్ చిప్‌లు (ఛానల్‌కు ఒకటి), 28-0-28 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య తీగకు రెండు వైపులా 28 వోల్టుల ఏసీ ఇచ్చేది), అరచేతిలో పట్టేంత హీట్‌సింక్. గాలి రంధ్రాలు డబ్బా అడుగున మాత్రమే ఉన్నాయి, కింద రబ్బరు కాళ్లేమో అరంగుళం ఎత్తు కూడా లేవు. చిప్‌లను మైకా (కరెంటును ఆపి వేడిని పోనిచ్చే పలుచని పొర) లేకుండా నేరుగా హీట్‌సింక్‌కి బిగించారు. ఈ చిప్ వీపు మీది లోహపు పలక మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. అంటే హీట్‌సింక్ మొత్తం మైనస్ 39 వోల్టుల మీద ఉంది. దాన్ని డబ్బాకు దూరంగా పట్టుకున్నవి రెండు ప్లాస్టిక్ స్పేసర్లే. వేడికి ఒకటి అప్పటికే మెత్తబడి వంగింది. అది ఇంకాస్త వాలి హీట్‌సింక్ డబ్బాను తాకితే సప్లై నేరుగా షార్ట్. వెనక పలక మీద మాత్రం ‘4 నుంచి 8 ఓమ్‌లు’ అని, అంటే 4 ఓమ్‌ల స్పీకర్లు కూడా తగిలించొచ్చని, దర్జాగా రాసి ఉంది.

గొడవంతా ఆ 4 ఓమ్‌ల దగ్గరే. 28 వోల్టుల ఏసీని రెక్టిఫై చేస్తే సుమారు ±39 వోల్టుల డీసీ (ఒక వైపు ప్లస్ 39, ఇంకో వైపు మైనస్ 39) వస్తుంది. మెయిన్స్ 245 ఉన్న రోజున, లోడు లేనప్పుడు ±44 కూడా దాటుతుంది. టీడీఏ7294 పనిచేయాల్సిన హద్దు ±40. సిగ్నల్ లేనప్పుడు ±50 దాకా తట్టుకుంటుంది, అంతకు మించి కాదు. చిప్ తయారీదారు ఇచ్చే డేటాషీటులో 70 వాట్ల నిరంతర అవుట్‌పుట్‌కి ఇచ్చిన లెక్క చూడండి: 8 ఓమ్‌లకు ±35, 6 ఓమ్‌లకు ±31, 4 ఓమ్‌లకు ±27. ఒక్క చిప్‌తో 200 వాట్లన్నది పేరు గొప్ప ఊరు దిబ్బే.

ఈ చిప్ పనిచేసే క్లాస్ ఏబీ పద్ధతిలో ఒక ఛానల్ పుట్టించే గరిష్ఠ వేడికి చిన్న సూత్రం ఉంది. ఒక వైపు సప్లై వోల్టేజీని దానితోనే గుణించి, రెట్టింపు చేసి, 9.87తోనూ స్పీకర్ ఓమ్‌లతోనూ భాగించాలి. ±39 వోల్టులు, 4 ఓమ్‌లకు 77 వాట్లు. ±27కి దించితే 37 వాట్లు. అదే ±35, 8 ఓమ్‌లైతే 31. చిప్ లోపలి నుంచి పలక దాకా వాటుకు 1.5 డిగ్రీల దాకా, మైకా, పేస్ట్ కలిపితే ఇంకో అర డిగ్రీ తేడా ఉంటుంది. 37 వాట్ల దగ్గరే చిప్ గుండె హీట్‌సింక్ కంటే 74 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. 145 దగ్గర చిప్ తనంతట తానే మ్యూట్ అయిపోతుంది కాబట్టి హీట్‌సింక్ 70 దాటకూడదు. 77 వాట్లకైతే తేడాయే 154 డిగ్రీలు. హీట్‌సింక్‌ని ఐసు ముక్కల్లో పెట్టినా లెక్క కుదరదు.

పాటలు నిరంతరం అంత వేడి పుట్టించవు, నిజమే. షాపులో డెమో నెగ్గేది కూడా అందుకే: తక్కువ వాల్యూము, 8 ఓమ్‌ల స్పీకరు, రెండు నిమిషాల పాట. ఇంటికొచ్చి 4 ఓమ్‌ల కార్ స్పీకర్లు తగిలించి గంట సేపు గట్టిగా పెడితేనే సౌండు ఆగి ఆగి రావడం మొదలవుతుంది. దాన్ని లూజ్ కనెక్షన్ అనుకుని వైర్లు కదుపుతూ కూర్చోకండి. అది థర్మల్ మ్యూట్. రోజూ అలాగే నడిపితే ఏదో ఒక రోజు చిప్ షార్టై, 39 వోల్టుల డీసీ నేరుగా స్పీకర్‌లోకి వెళ్తుంది. ఈ బోర్డులో స్పీకర్ ప్రొటెక్షన్ రిలే లేదు.

ఇక ట్రాన్స్‌ఫార్మర్. 5 ఆంపియర్లని చెప్పి అమ్మారు. 28-0-28కి 5 ఆంపియర్లంటే 280 వీఏ (మొత్తం 56 వోల్టులను 5 ఆంపియర్లతో గుణిస్తే), మంచి రాగి చుట్టుతో మూడు కిలోలు దాటాలి. ఇది తూకంలో అందులో సగం కూడా లేదు. వైరు చివర బ్లేడుతో గీరితే ఎర్రటి ఎనామిల్ కింద తెల్లటి అల్యూమినియం బయటపడింది. రాగి కంటే అల్యూమినియం రెసిస్టెన్స్ 1.6 రెట్లు ఎక్కువ, దానికి తగ్గట్టే వేడి కూడా. పైగా దానికి సోల్డర్ సరిగ్గా అంటదు. జాయింటు కొన్నాళ్లకు వదులై అక్కడే కాలుతుంది.

కరెంటు వృథా ఇక్కడే మొదలవుతుంది. పాట లేకుండా ఆన్‌లో ఉంచితే రెండు చిప్‌లు కలిపి నాలుగైదు వాట్లు, మంచి కోర్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఇంకో ఎనిమిది, అంతా కలిపి 12–13 వాట్లు దాటకూడదు. ఈ సెట్టు 30 లాగింది. స్విచ్చి తీయకుండా వదిలేస్తే నెలకు 21.6 యూనిట్లు. కర్ణాటక ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద 200 యూనిట్ల అంచున ఉన్న ఇంటికి ఇది చిన్న సంగతి కాదు, 200 దాటిన నెల బిల్లంతా కట్టాల్సిందే. వాట్‌మీటర్ లేకపోతే ఇంట్లో మిగతావన్నీ ఆపేసి కరెంటు మీటరు మీది ఎర్ర లైటు చూడండి. దాని మీద యూనిట్‌కు 3200 ఇంపల్స్ అని రాసి ఉంటే, పది నిమిషాల్లో 16 మెరుపులంటే 30 వాట్లు.

చిప్ బదులు విడిగా 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 ట్రాన్సిస్టర్ల జత వాడే బోర్డులు కొనేవాళ్లకు ఇంకో ముప్పుంది. బయాస్ (పాట లేనప్పుడు కూడా పారే కొద్దిపాటి కరెంటు) సరిచేసే బీడీ139 ట్రాన్సిస్టర్ హీట్‌సింక్‌కి తగిలి ఉండాలి. చౌక బోర్డుల్లో అది బోర్డు మీదే ఒంటరిగా నిలబడి ఉంటుంది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు వేడెక్కిన సంగతి దానికి తెలియదు, కరెంటు తగ్గించదు. వేడికి కరెంటు పెరుగుతుంది, కరెంటుకి వేడి పెరుగుతుంది, చివరికి జత మొత్తం పోతుంది. 0.22 ఓమ్‌ల ఎమిటర్ రెసిస్టర్ మీద 11 మిల్లీవోల్టులుంటే 50 మిల్లీఆంపియర్లు. ±50 వోల్టుల దగ్గర అది 5 వాట్లు, ఫర్వాలేదు. 66 మిల్లీవోల్టులు కనిపిస్తే పాట లేకుండానే 30 వాట్లు కాలుతున్నట్టు. ఇరవై నిమిషాలు వేడెక్కాక మళ్లీ కొలవండి, అంకె పైకి పోతూనే ఉంటే ఆ బోర్డు వద్దు. అవుట్‌పుట్ దగ్గరి 10 ఓమ్‌ల రెసిస్టర్ ఊరికే కాలుతుంటే మాత్రం సమస్య బయాస్‌ది కాదు, బోర్డు ఆసిలేట్ అవుతోంది, అంటే తనంతట తానే సిగ్నల్ పుట్టిస్తోంది.

ఎప్పుడూ పూర్తి కరెంటు లాగే క్లాస్ ఏ బోర్డులు వేరే కథ, అక్కడ వేడి లోపం కాదు. జాన్ లిన్స్‌లీ హుడ్ 1969 డిజైన్ 8 ఓమ్‌లకు 27 వోల్టులు, 1.2 ఆంపియర్లు లాగి ఇచ్చేది పది వాట్లే. రెండు ఛానళ్లకు 65 వాట్లు, పాట ఉన్నా లేకున్నా. తెలిసి కొనండి.

షాపులో వాట్లెన్ని అని అడగకండి. ‘అన్నా, ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు, రాగేనా?’ అని అడిగి, వాళ్ల ముందే చివర గీరి చూడండి. 4 ఓమ్‌ల స్పీకర్లకు 20-0-20, 8 ఓమ్‌లకు 24-0-24 చాలు. ఛానల్‌కు కనీసం 15 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల రెక్కలున్న హీట్‌సింక్, మైకా, బుష్ (స్క్రూ ద్వారా కరెంటు హీట్‌సింక్‌కి చేరకుండా ఆపే చిన్న తొడుగు) ఉండాలి. ‘రాగి వైండింగ్, 5 ఆంపియర్లు’ అని బిల్లు మీద రాయించుకోండి. అమ్మిన సరుకు వాపసు తీసుకోం అని గోడ మీద బోర్డున్నా భయపడక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోననడం అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. ఫిర్యాదుకు జాతీయ హెల్ప్‌లైన్ 1915.

ఇప్పటికే కొనేసినవాళ్లు ముందు 4 ఓమ్‌ల స్పీకర్లు తీసేసి 8 ఓమ్‌లవి పెట్టండి. ప్లగ్గు పీకి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాక మూత తీసి మైకా వేయండి. తిరిగి ఆన్ చేసేటప్పుడు 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును మెయిన్స్ లైన్‌కి సీరీస్‌లో పెట్టండి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే సరే, వెలుగుతూనే ఉంటే వెంటనే తీసేయండి. ట్రాన్స్‌ఫార్మర్ ఎంత వేడెక్కుతోందో తెలియాలంటే ప్లగ్గు పిన్నుల మధ్య రెసిస్టెన్స్ చల్లగా ఉన్నప్పుడోసారి, గంట నడిచాక ప్లగ్గు పీకి మరోసారి కొలవండి. 20 శాతం పెరిగితే వైండింగ్ సుమారు 50 డిగ్రీలు వేడెక్కినట్టు. అంతకు మించితే ట్రాన్స్‌ఫార్మర్ మార్చేదాకా ఆ సెట్టును టీవీ స్టాండు అరలో పెట్టకండి, ఆన్ చేసి పడుకోకండి.