మోడరేట్ లిబర్టేరియన్ ఓటు ఎక్కడ నిలవాలి: రిపబ్లికనా, డెమొక్రాటా, మూడో పార్టీయా, ఏ పార్టీ లేకుండానా?

2024 ఏప్రిల్ 12న అమెరికా ప్రతినిధుల సభలో ఒక సవరణ ఓటింగుకు వచ్చింది. విదేశీయులపై నిఘా పెట్టి పోగుచేసిన సమాచారంలో అమెరికన్ల మాటలు, మెయిళ్ళు వెతకాలంటే ప్రభుత్వం ముందు కోర్టు నుంచి వారెంటు తెచ్చుకోవాలన్నది దాని సారం. అనుకూలం 212, వ్యతిరేకం 212. సమానమైతే ఓడినట్టే కాబట్టి సవరణ వీగిపోయింది. అనుకూలంగా ఓటేసినవారిలో 128 మంది రిపబ్లికన్లు, 84 మంది డెమొక్రాట్లు.

మనిషి స్వేచ్ఛ ఎక్కువగా, ప్రభుత్వ జోక్యం తక్కువగా ఉండాలనే లిబర్టేరియన్ భావాలున్న ఓటరు అమెరికాలో ఎక్కడున్నాడో తెలియాలంటే ఈ లెక్క చూస్తే చాలు. అతని మాట మాట్లాడేవాళ్ళు రెండు పార్టీల్లోనూ ఉన్నారు, పగ్గాలు మాత్రం ఏ పార్టీలోనూ వాళ్ళ చేతిలో లేవు. అందుకే "ఏది నా పార్టీ?" అని అడిగితే జవాబు దొరకదు. "నేనున్న రాష్ట్రంలో, నేనున్న నియోజకవర్గంలో నా ఓటు ఎక్కడ పనిచేస్తుంది?" అని అడిగితే దొరుకుతుంది.

ఇక్కడ మోడరేట్ అంటే ప్రభుత్వమే అక్కర్లేదనేవారు కాదు. కోర్టులు, పోలీసులు, రోడ్లు, నిరుపేదలకు కనీస ఆసరా ఉండాలంటారు. పన్ను తక్కువగా, వ్యాపారం స్వేచ్ఛగా, వలసకు చట్టబద్ధమైన దారి వెడల్పుగా ఉండాలంటారు. యుద్ధాలకు, నిఘాకు, గంజాయి తాగాడని మనిషిని జైల్లో పెట్టడానికి వ్యతిరేకులు. మన దగ్గర దీనికి దగ్గరి చుట్టం స్వతంత్ర పార్టీ. రాజాజీతో కలిసి మన ఎన్.జి. రంగా 1959లో నిలబెట్టిన ఆ పార్టీ 1967లో లోక్‌సభలో 44 సీట్లు గెలిచింది, 1974కల్లా వేరే పార్టీలో కలిసిపోయింది. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే పద్ధతిలో ఇలాంటి భావాలకు సొంత ఇల్లు కట్టడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళం మనం.

రిపబ్లికన్ పార్టీ

చాలాకాలం ఈ ఓటర్ల సహజ స్థానం ఇదే. తుపాకీ హక్కు, తక్కువ పన్ను, పిల్లల చదువు డబ్బును తల్లిదండ్రుల చేతికివ్వడం, వృత్తి లైసెన్సుల సడలింపు వంటివన్నీ ఎక్కువగా రిపబ్లికన్ రాష్ట్రాల నుంచే వచ్చాయి. మరో రాష్ట్రంలో తీసుకున్న వృత్తి లైసెన్సును గుర్తించే చట్టం దేశంలో మొదట 2019లో అరిజోనా చేసింది. కాపురం మారగానే నర్సులు, క్షురకులు మళ్ళీ పరీక్షలు రాసే బాధ దానితో చాలావరకు తప్పింది. పైకి చిన్నగా కనిపించే ఇలాంటి చట్టమే మనిషి బతుకును నేరుగా మారుస్తుంది.

వాషింగ్టన్‌లో సంగతి వేరు. సుంకాలు, వలస, అధ్యక్షుడి అధికారాలు అనే మూడు విషయాల్లో పార్టీ 2016 తర్వాత ఎదురు దిక్కుకు నడిచింది. కెనడా సరుకుపై సుంకాలకు ఆధారమైన అత్యవసర ప్రకటనను రద్దుచేసే తీర్మానం 2025 ఏప్రిల్ 2న సెనేట్‌లో 51–48తో నెగ్గినప్పుడు, దానికి ఓటేసిన రిపబ్లికన్లు ర్యాండ్ పాల్ సహా నలుగురే. అదే ఏడాది జూలై 3న పెద్ద పన్ను, ఖర్చుల బిల్లు ప్రతినిధుల సభలో 218–214తో తుది ఆమోదం పొందింది. పదేళ్ళలో లోటును సుమారు 3.4 లక్షల కోట్ల డాలర్లు పెంచుతుందని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు అంచనా వేసిన ఆ బిల్లును ఎదిరించిన రిపబ్లికన్లు ఇద్దరు, అందులో ఒకరు కెంటకీ సభ్యుడు థామస్ మాసీ. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నిక అయిన ప్రైమరీలో ఆయన్ని ఓడించాలని ట్రంప్ బహిరంగంగానే పిలుపునిచ్చారు.

పార్టీ లోపలుండి ఎదురుతిరిగితే శిక్ష పడేది ప్రైమరీలోనే. మిషిగన్ నుంచి రిపబ్లికన్‌గా ప్రతినిధుల సభకు గెలిచిన జస్టిన్ అమాష్ 2019 జూలై 4న పార్టీ వదిలారు, 2020లో లిబర్టేరియన్ పార్టీలో చేరి ఆ పార్టీ తరఫున కాంగ్రెస్‌లో కూర్చున్న తొలి సభ్యుడయ్యారు, మళ్ళీ పోటీ చేయకపోవడంతో 2021 జనవరిలో ఆ సీటూ పోయింది. 2024లో మిషిగన్ సెనేట్ సీటు కోసం మళ్ళీ రిపబ్లికన్ ప్రైమరీకే వచ్చి ఓడిపోయారు. ఆయన నిజాయితీని శంకించనక్కర్లేదు. కానీ బయటికి వెళ్ళి తిరిగొచ్చేసరికి లోపలి చోటు మిగలదని ఆ దారి చెబుతోంది.

ఇదే పార్టీ న్యూ హాంప్‌షైర్‌లో వేరేలా కనిపిస్తుంది. లిబర్టేరియన్లు ఒకే రాష్ట్రానికి తరలివెళ్ళాలని 2001లో మొదలైన ఫ్రీ స్టేట్ ప్రాజెక్టు 2003లో ఆ రాష్ట్రాన్ని ఎంచుకుంది. ఎందుకో లెక్క చూడండి. జనాభా దాదాపు 14 లక్షలు, దిగువ సభలో 400 సీట్లు, అంటే ఒక్కో సభ్యుడికి సుమారు 3,500 మంది. జీతం ఏడాదికి 100 డాలర్లు. అభ్యర్థి ఇంటింటికీ నడిచి తలుపు తట్టి గెలవొచ్చు, డబ్బు సంచులు అక్కర్లేదు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది సొంత జెండా ఎగరేయకుండా రిపబ్లికన్ టికెట్‌పై నిలబడ్డారు, సభలో బలమైన వర్గమయ్యారు. అక్కడ జీతాలపై రాష్ట్ర పన్ను, అమ్మకం పన్ను ముందే లేవు. వడ్డీ, డివిడెండ్లపై ఉన్న పన్ను కూడా 2025 జనవరి 1 నుంచి పోయింది. గంజాయిని చట్టబద్ధం చేసే బిల్లులు మాత్రం దిగువ సభలో నెగ్గినా సెనేట్ దగ్గర ఆగిపోతూ వచ్చాయి. రిపబ్లికన్ టికెట్‌తో ఎంతదూరం వెళ్ళొచ్చో, ఎక్కడ బ్రేకు పడుతుందో రెండూ ఆ ఒక్క రాష్ట్రంలోనే కనిపిస్తాయి.

డెమొక్రాటిక్ పార్టీ

వలసదారులు, గర్భస్రావం, పోలీసుల జవాబుదారీతనం, శిక్షల తగ్గింపు ముఖ్యమనుకునే లిబర్టేరియన్‌కి ఇటువైపు మిత్రులు ఎక్కువ. కొలరాడో గవర్నరుగా 2018లో ఎన్నికైన జారెడ్ పోలిస్ డెమొక్రాటే అయినా ఆదాయపు పన్ను తగ్గింపును సమర్థించారు, కాంగ్రెస్‌లో ఉన్నప్పుడు రిపబ్లికన్లతో నిండిన లిబర్టీ కాకస్ అనే బృందంలో సభ్యుడు. అలాంటివారు అరుదే.

ఈ పార్టీతో తంటా ఏమిటో ఆరెగాన్‌లో ఒక్క ఏడాదే చూపిస్తుంది. 2019లో అక్కడి డెమొక్రాటిక్ శాసనసభ దేశంలో మొదటిసారి రాష్ట్రమంతటా అద్దె పెంపుపై పరిమితి పెట్టింది. అదే ఏడాది అదే సభ, 10,000 జనాభా దాటిన ఊళ్ళలో ఒక్క ఇల్లే కట్టాలన్న స్థలాల్లో జంట ఇళ్ళు, పెద్ద ఊళ్ళలో నాలుగు ఇళ్ళ వరకు కట్టుకోవచ్చంది. మొదటిది యజమాని చేతులు కట్టేసింది, రెండోది విప్పింది. ఇళ్ళ విషయంలో ఆ పార్టీలో కొత్తగా లేచిన తరం రెండోదాని వైపుంది. నా లెక్కలో, లిబర్టేరియన్ మాటకు డెమొక్రాట్ల మధ్య అన్నిటికన్నా ఎక్కువ విలువున్న చోటు ఇదే, అదీ నగర కౌన్సిల్, రాష్ట్ర సభల స్థాయిలో. సమాఖ్య ఖర్చు దగ్గరికొస్తే ఆశ తక్కువ: 2021 మార్చిలో వచ్చిన 1.9 లక్షల కోట్ల డాలర్ల కొవిడ్ సహాయ చట్టం ఒక్క రిపబ్లికన్ ఓటు కూడా లేకుండానే నెగ్గింది.

లిబర్టేరియన్ పార్టీ

1971 డిసెంబరులో కొలరాడోలో పుట్టింది. 2016 అధ్యక్ష ఎన్నికలో ఇద్దరు మాజీ గవర్నర్లు గ్యారీ జాన్సన్, బిల్ వెల్డ్ జంటకు దాదాపు 45 లక్షల ఓట్లు, 3.3 శాతం వచ్చాయి. అదే శిఖరం. 2020లో జో జార్గెన్‌సన్‌కి 1.2 శాతం, 2024లో చేజ్ ఆలివర్‌కి 0.4 శాతం. మధ్యలో, 2022 మే నెలలో రీనో సమావేశంలో మీసెస్ కాకస్ అనే కరడుగట్టిన వర్గం పార్టీని చేజిక్కించుకుంది. జాన్సన్, వెల్డ్ తరహా మోడరేట్లు చాలామంది దూరమయ్యారు. సిద్ధాంతం మీద మమకారంతో ఈ పార్టీలో చేరాలనుకునేవారు ముందుగా తమ రాష్ట్ర శాఖను చూడాలి. శాఖకూ శాఖకూ చాలా తేడా ఉంది.

ఓటు చీలుస్తారన్న నింద సంగతి. 2020లో జార్జియాలో బైడెన్ ఆధిక్యం 11,779, జార్గెన్‌సన్ ఓట్లు 62,000 పైన. అరిజోనాలో ఆధిక్యం 10,457, ఆమెకు 51,000 పైన. ఆమె లేకపోతే ఆ ఓట్లన్నీ ట్రంప్‌కే పడేవన్నది ఊహ, కొందరు బైడెన్‌కి వేసేవారు, కొందరు ఇల్లు కదిలేవారు కాదు. అయినా ఈ నింద భయం నిజం, అది ఓట్లను తగ్గిస్తుంది.

ఈ పార్టీకి వేసిన ఓటు నిజంగా పనిచేసే సందర్భాలు మూడు. ఒకటి, సగానికి పైగా రాకపోతే మళ్ళీ పోటీ పెట్టే చోట్ల: 2022లో జార్జియా సెనేట్ పోటీలో ఆలివర్‌కి వచ్చిన 2 శాతంతోనే డెమొక్రాట్ వార్నాక్, రిపబ్లికన్ వాకర్ ఇద్దరూ సగం దాటలేక డిసెంబరులో రెండో పోటీకి వెళ్ళారు. రెండు, అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇచ్చి ఓటేసే మెయిన్, అలాస్కాల్లో: మొదటి ఎంపిక లిబర్టేరియన్‌కి వేసి, రెండో ఎంపిక రాస్తే ఓటు వృథా కాదు. రెండో గడి ఖాళీగా వదిలితే అభ్యర్థి ఎలిమినేట్ కాగానే ఓటు లెక్కలోంచి పోతుంది, చాలామంది చేసే పొరపాటు ఇదే. మూడు, బ్యాలెట్‌పై చోటు నిలబెట్టే గీత దగ్గర. టెక్సాస్‌లో గత ఐదు సాధారణ ఎన్నికల్లో ఏదో ఒక రాష్ట్రవ్యాప్త పదవికి 2 శాతం వస్తే చోటుంటుంది. న్యూయార్క్‌లో 2020 నుంచి ప్రతి రెండేళ్ళకూ 1,30,000 ఓట్లు లేదా 2 శాతం, రెండిట్లో ఏది ఎక్కువైతే అది రావాలి. రాకపోతే ఆరు వారాల్లో 45,000 సంతకాలు కూడగట్టాలి. లిబర్టేరియన్ పార్టీ అక్కడ ఆ ఏడాదే గుర్తింపు పోగొట్టుకుంది.

ఏ పార్టీ లేకుండా

గాలప్ సర్వేల్లో తమను ఇండిపెండెంట్ అనుకునేవారు 2023లో, 2024లో 43 శాతం. మాట హుందాగా ఉంటుంది, కానీ రాష్ట్రాన్ని బట్టి అది బలం కావచ్చు, ఓటు హక్కులో సగం వదులుకోవడమూ కావచ్చు. కారణం ప్రైమరీ. చాలా నియోజకవర్గాల్లో ఒకే పార్టీ ఖాయంగా గెలుస్తుంది, అసలు ఎంపిక ఆ పార్టీ ప్రైమరీలోనే అయిపోతుంది.

కొలరాడోలో పార్టీ లేని ఓటరుకు రెండు పార్టీల బ్యాలెట్లూ ఇంటికే వస్తాయి. ఒక్కటే నింపి పంపాలి, రెండూ పంపితే రెండూ చెల్లవు. న్యూ హాంప్‌షైర్‌లో అక్కడికక్కడే ఒక పార్టీ బ్యాలెట్ తీసుకుని, ఓటేశాక ఫారం నింపి మళ్ళీ ఏ పార్టీ లేనివారుగా మారొచ్చు. ఈ రెండు చోట్లా పార్టీ లేకపోవడమే మేలు. కెంటకీ, పెన్సిల్వేనియా, ఫ్లోరిడా, న్యూయార్క్ ప్రైమరీల్లో మాత్రం పార్టీ సభ్యులే ఓటేస్తారు. కెంటకీలో మే ప్రైమరీ కోసం పార్టీ మార్పు ముందు ఏడాది డిసెంబరు 31కల్లా అయిపోవాలి. మాసీ లాంటి సభ్యుణ్ణి కాపాడాలనుకున్న ఇండిపెండెంట్‌కి ఏప్రిల్‌లో గుర్తొస్తే ఏం లాభం? అలాంటి రాష్ట్రంలో మీ నియోజకవర్గంలో ఖాయంగా గెలిచే పార్టీలోనే, అది మీకు నచ్చకపోయినా, పేరు నమోదు చేసుకోవడం మేలు. నవంబరులో ఓటు ఎవరికైనా వేయొచ్చు, నమోదు దాన్ని కట్టిపడేయదు.

డాలస్, అట్లాంటా, ఎడిసన్ చుట్టుపక్కల ఓటున్న తెలుగు కుటుంబాలకు ఈ నియమాలు వేర్వేరుగా పనిచేస్తాయి. టెక్సాస్, జార్జియాల్లో పార్టీ నమోదు లేదు, ఏ ప్రైమరీ కావాలో ఆ రోజు అడగొచ్చు. టెక్సాస్‌లో మార్చిలో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకుంటే ఆ ఏడాది రన్‌ఆఫ్‌లో, అంటే ప్రైమరీ రెండో పోటీలో, అవతలి పార్టీ బ్యాలెట్ ఇవ్వరు. న్యూజెర్సీలో పార్టీ లేనివారు ప్రైమరీ రోజున ఒక పార్టీ ఎంచుకుంటే ఆ పార్టీ సభ్యులుగా నమోదవుతారు, మళ్ళీ ఫారం ఇచ్చేదాకా అలాగే ఉంటారు. ఒక పార్టీ నుంచి మరో పార్టీకి మారాలంటే 55 రోజుల ముందే చేయాలి.

వలస విషయంలో ఈ కుటుంబాలకు పట్టింపు సహజం. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితిని ఎత్తేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365–65తో నెగ్గి కూడా చట్టం కాలేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము వచ్చిపడింది. దీనిమీద అభ్యర్థిని అడగాల్సింది ప్రైమరీ ముందు, గెలిచాక కాదు. ఓటు పౌరులకే. గ్రీన్ కార్డున్నవారు ఓటేయలేరు కానీ అభ్యర్థికి చందా ఇవ్వొచ్చు. 2025–26లో ఒక అభ్యర్థికి ప్రైమరీకి 3,500, నవంబరు ఎన్నికకు మరో 3,500 డాలర్ల దాకా చెల్లుతుంది. హెచ్-1బీ మీద ఉన్నవారు చందా కూడా ఇవ్వకూడదు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరు నమోదు ఫారం చేతికిచ్చినా పౌరులు కానివారు సంతకం పెట్టకూడదు, అది దేశం నుంచి పంపించేసేదాకా వెళ్ళగల తప్పు.