నిద్ర హెడ్‌బ్యాండ్: చెరువు గట్టు మీద ఏడాదిన్నర వాడాక

మా మేనల్లుడు అమెరికా నుంచి తెచ్చిచ్చాడు. గాఢనిద్రలో మెదడులో నెమ్మదిగా అలలు లేస్తాయి, సెకనుకు ఒకటి, ఒక్కోసారి అంతకంటే తక్కువ. నుదుటి మీది సెన్సర్ అల లేచే అదును చూసి సన్నగా ఓ శబ్దం వదులుతుంది. మెలకువ రాదు, అల మాత్రం బలపడుతుంది. నాకు బాగా నచ్చింది ఈ అదును చూడడమే. రాత్రంతా మోగే యాప్‌లు నాకెందుకు, ఆకివీడు పక్క మా రొయ్యల చెరువు గట్టున నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల మోత ఎలాగూ ఉంటుంది.

నాకు 61. వయసుతో గాఢనిద్ర తగ్గుతుంది, పైగా రొయ్యల కాపలా. రెండో వారానికే పొద్దుటి తల దిమ్ము తగ్గింది. రాత్రి టీ మానేసిందీ అప్పుడే, అదీ చెప్పాలి. 2017లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు అరవై, ఆపైన వయసున్న 13 మందికి ఇలాంటి శబ్దాలే వినిపిస్తే, రాత్రి నేర్చుకున్న మాటల జతలు పొద్దున ఎక్కువ గుర్తున్నాయట. పదమూడు మందే, అదీ ఒక్క రాత్రి.

నా టెన్షనంతా ఏరియేటర్లు ఆగితే తెలుస్తుందా అని. మార్చిలో తెల్లవారుజామున మూడున్నరకు కరెంటు పోయింది. నీళ్లలో ఆక్సిజన్ అడుగంటే వేళ అది. మోత ఆగగానే బ్యాండ్‌తోనే లేచి కూర్చున్నాను, జనరేటర్ వేశాను. ఊళ్లో కనిపించినవాళ్లందరికీ ఈ బ్యాండ్ గురించి చెప్పాను.

మే నెలలో రాత్రి పదకొండున్నరకు కరెంటు పోయింది. నాకు తెలియలేదు. ఫోన్ ఎత్తకపోయేసరికి మా అబ్బాయి బండేసుకుని వచ్చి భుజం పట్టి కుదిపాడు. “నాన్నా, ఏరియేటర్లు ఆగి అరగంటయింది!” టార్చి వేస్తే రొయ్యలు పైకి తేలి గట్టు అంచుకు చేరుతున్నాయి. చేతులు వణికి జనరేటర్ హ్యాండిల్ రెండుసార్లు జారింది. పంట దక్కింది, కానీ ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలోనే పడుతుంది, తెల్లవారే వేళకు నిద్ర పలచబడుతుంది. మార్చిలో లేచానంటే కారణం అదే అయ్యుంటుంది. మేలో బ్యాండ్ లేకపోతే లేచేవాణ్ణా అంటే చెప్పలేను.

ఎండాకాలం ఇంకో ఇబ్బంది. చెమటకు సెన్సర్ నుదుటిని అంటుకోదు, అంటకపోతే శబ్దమే రాదు.

నిశ్చింతగా పడుకోగలిగేవాళ్లు వాడి చూడొచ్చు. ఇంట్లో పసిబిడ్డో, మంచాన పడ్డ పెద్దవాళ్లో ఉంటే ఆలోచించుకోండి. నేనైతే అబ్బాయి కాపలా ఉన్న రాత్రుల్లోనే పెట్టుకుంటున్నాను. పట్టుబడి అయ్యి చెరువు ఎండగట్టిన రోజుల్లో మాత్రం రోజూ.