ఎక్కాలు తెలుగులోనా, ఇంగ్లీషులోనా?

2024 డిసెంబరు 7న జరిగిన మెగా పేరెంట్స్ మీటింగులోనూ, ఆ తరవాత బడికి ఎప్పుడొచ్చినా మా శ్రీకాకుళం జిల్లా తల్లులు నన్నడిగే మాట ఇదే: "మా గుంటడికి ఎక్కాలు ఏ బాసలో నేర్పమంటారు మాస్టారూ?" మూడో తరగతికి చెప్పేవాణ్ణి కనుక నాకు తోచింది రాస్తున్నాను.

పుస్తకాలతో చిక్కు లేదు. 2020-21 నుంచి సర్కారు బడి పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురుగా తెలుగు ఉంటున్నాయి. అయితే ఎక్కం నోటికి రావాలి, నోటికి ముందుగా ఏదో ఒకటే పట్టాలి.

ఇంగ్లీషు కావాలనేవాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. రేపు హైస్కూల్లో లెక్కల సారు "ఎయిట్ ఫోర్స్" అంటే పిల్లాడు బిక్కమొహం వెయ్యకూడదు. కాకపోతే చిన్నపిల్లల చెవికి థర్టీన్, థర్టీ ఒకేలా వినబడతాయి. "త్రీ టెన్ జా థర్టీన్" అని అప్పజెప్పే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. అందరూ కలిసి అరుస్తున్నప్పుడు ఆ తప్పు నా చెవిన కూడా పడదు.

నా మటుకు అసలు తేల్చాల్సింది ఇంటి దగ్గర ఎవరు వింటారన్నది. మన తీరం ఊళ్ళలో ఎంతమంది నాన్నలు చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి నెలల తరబడి అక్కడే ఉండిపోతారో మనకి తెలుసు. మెట్ట ఊళ్ళలో అమ్మానాన్నలిద్దరూ హైదరాబాదులోనో చెన్నైలోనో కూలి పనుల్లో ఉంటారు. గుంటలు మామ్మల దగ్గర. ఆ మామ్మ బడి మొహం చూడకపోయినా, చేపలో కూరగాయలో అమ్మిన మనిషి. ఏడు రూపాయల వంతున ఎనిమిది ఎంతో కాగితం లేకుండా చెప్తుంది. "ఏడెనిమిదులు యాభై నాలుగు" అని మనవడంటే అక్కడే ఆపుతుంది. అదే "సెవెన్ ఎయిట్ జా ఫిఫ్టీ ఫోర్" అంటే, మనవడు ఇంగ్లీషు చదువుతున్నాడని మురిసిపోతుంది. తప్పు అలాగే నాటుకుపోతుంది. బడిలో నేను ఒక్కొక్కరి దగ్గర వినగలిగేది కాసేపే, రోజూ సాయంత్రం వినే మనిషి ఆవిడే. అందుకే నా ఓటు తెలుగుకి.

ఆవిడ అడగాల్సినవి కూడా మరీ ఎక్కువేమీ లేవు. పదో ఎక్కం దాకా వంద గుణకారాలు. ఒకటి, రెండు, అయిదు, పది ఎక్కాలు పిల్లలకి ఇట్టే వచ్చేస్తాయి. ఏడెనిమిదులు (7×8) వచ్చినవాడికి ఎనిమిదేళ్ళు (8×7) వచ్చినట్టే కాబట్టి, ఆ జతలు ఒక్కసారే లెక్కేస్తే కష్టపడాల్సినవి మిగిలేది 21. వరసగా అప్పజెప్పించడం నాలుగు రోజులు చాలు, ఆ తరవాత మధ్యలోంచి అడగాలి. ఆరు తొమ్మిదులు ఎంత? నాలుగేళ్ళు? ఒకటి మర్చిపోతే మొదటికి పోనివ్వకండి, తెలిసిన దగ్గర్నుంచి కట్టించండి. ఏడయిదులు ముప్పై అయిదు, ఇంకో ఏడు కలిపితే ఏడార్లు నలభై రెండు.

వెన్నెలవలస నవోదయ సీటు మీద ఆశ ఉన్నవాళ్ళు తెలుగైతే వెనకబడతామేమోనని భయపడుతున్నారు. ఆ పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, అందులో లెక్కలు 20. అక్కడ కావాల్సింది తడుముకోకుండా జవాబు రావడం. నాలుగో తరగతిలో నూరు దాకా ఇంగ్లీషు అంకెల పేర్లు విడిగా నేర్పితే, 56ని ఫిఫ్టీ సిక్స్ అనడం తొందరగానే వస్తుంది. ఎక్కాలు మళ్ళీ మొదలెట్టక్కర్లేదు.

సెల్‌ఫోన్ పాటలు, గోడకి అంటించే చార్టులు ఉంటే మంచిదే, లేకపోయినా లోటు లేదు. రెండు భాషల్లోనూ ఒకేసారి మొదలెట్టడం మాత్రం వద్దు.

ఇంట్లో అమ్మకో నాన్నకో అక్కకో ఇంగ్లీషు అంకెలు బాగా వచ్చి, రోజూ కూర్చుని వినే తీరిక ఉంటే ఇంగ్లీషులోనే చెప్పించండి. అలాంటి ఇంట్లో నేను అడ్డు చెప్పను.