నాన్నగారి టీవీలో జెల్లీఫిన్‌: ఏడాది వాడకం తర్వాత

రాజమహేంద్రవరంలోని మా ఇంట్లో వీడియోలు నాలుగైదు రకాల పరికరాల కాలం నుంచి పోగుపడుతూ వచ్చాయి. 1994లో జరిగిన అక్క పెళ్ళి వీహెచ్‌ఎస్‌ క్యాసెట్లు మూడు, 2000 ప్రాంతంలో కొన్న వీసీడీలు ఒక అట్టపెట్టెడు, ఆ తరువాతి డీవీడీలు, పదవీ విరమణ చేశాక నాన్నగారు హ్యాండీక్యామ్‌ భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి తీసిన పద్యనాటకాల మినీ డీవీ టేపులు, ఇవి కాక అందరి ఫోన్లలోని పిల్లల వీడియోలు. వీటన్నిటినీ కొన్నేళ్ళపాటు కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించి, 4 టీబీ హార్డ్‌డిస్కులో చేర్చాను. చేర్చడం ఒక ఎత్తు, చూడడం మరొక ఎత్తు అయింది. నాన్నగారు ఏదైనా నాటకం అడిగితే మేడ మీద దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించి, కిందికి తీసుకువెళ్ళి, టీవీ వెనక తడుముకుంటూ గుచ్చేవాణ్ణి. ఫ్యాట్‌32 పద్ధతిలో ఫార్మాట్‌ చేసిన పెన్‌డ్రైవు 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు కనుక పెద్ద నాటకాన్ని రెండు ముక్కలు చేయవలసి వచ్చేది. మధ్యలో కరెంటు పోతే, ఎక్కడిదాకా చూశారో టీవీకి గుర్తుండేది కాదు.

ఈ బెడద తప్పించుకోవడానికి నిరుడు జెల్లీఫిన్‌ అనే సాఫ్ట్‌వేరు పెట్టుకున్నాను. దీనిని తూచడానికి నేను పెట్టుకున్న రాయి ఒక్కటే: డెబ్భై ఎనిమిదేళ్ళ నాన్నగారు నన్ను కేక వేయకుండా తనకు కావలసినది తాను చూసుకోగలుగుతున్నారా, లేదా అన్నదే.

జెల్లీఫిన్‌ వీడియోలను ఇచ్చే సంస్థ కాదు. మన దగ్గర ఉన్న ఫైళ్ళను బొమ్మలతో, వివరాలతో పేర్చి, ఇంటి నెట్‌వర్కు మీద టీవీకి, ఫోనుకు, బ్రౌజరుకు అందించే సర్వర్‌ సాఫ్ట్‌వేర్‌. ఎంబీ అనే సాఫ్ట్‌వేర్‌ తన సోర్సు కోడును మూసివేసినప్పుడు, అప్పటిదాకా బయట ఉన్న కోడును తీసుకుని కొందరు స్వచ్ఛంద డెవలపర్లు 2018 డిసెంబరులో దీనిని విడిగా మొదలుపెట్టారు. ఎవరైనా కోడును వాడుకుని మార్చుకోనిచ్చే జీపీఎల్‌ లైసెన్సు కింద పూర్తిగా ఉచితం. ఇదే పని చేసే ప్లెక్స్‌ చూడడానికి ఇంకా నునుపుగా ఉంటుంది, కాని దానిలో హార్డ్‌వేర్‌ సాయంతో వీడియో మార్చే సౌకర్యానికి చందా కట్టాలి. 2025 ఏప్రిల్‌ నుంచి ఇంటి బయట మన సొంత వీడియో మనం చూసుకోవడానికి కూడా కట్టాలి. కోడీ మంచి ప్లేయరే, అయితే అది ప్రధానంగా ఒక్క టీవీకి ఒక్క పెట్టె అన్న లెక్కలో నడిచేది. కింద ఒక టీవీ, మేడ మీద ఒకటి, మధ్యలో నలుగురి ఫోన్లు ఉన్న మా ఇంటికి, చందా లేకుండా అన్నిటికీ ఒకే చోటి నుంచి అందించేది కావలసి వచ్చింది.

దీనికోసం ఇంటెల్‌ ఎన్‌100 ప్రాసెసరు ఉన్న అరచేతి వెడల్పు మినీ పీసీ ఒకటి కొన్నాను. హార్డ్‌డిస్కుతో కలిపి పది పన్నెండు వాట్లు తీసుకుంటుంది కాబట్టి, పగలూ రాత్రీ ఆపకుండా నడిపినా నెలకు తొమ్మిది యూనిట్లు దాటదు. రాస్ప్‌బెరీ పై 5 తీసుకోమని ఒక మిత్రుడు చెప్పాడు గాని, దానిలో వీడియో ఎన్‌కోడర్‌ హార్డ్‌వేరు, అంటే వీడియోను వేరే రూపంలోకి కూర్చే భాగం, లేదు. ఆ లోటు ఎంత పెద్దదో కింద చెప్పేదాన్ని బట్టి తెలుస్తుంది. సాఫ్ట్‌వేరు పెట్టుకోవడానికి అరగంట చాలు. బ్రౌజరులో ఆ పీసీ చిరునామా, పక్కన 8096 అన్న పోర్టు సంఖ్య కొడితే మిగిలినది అదే అడిగి పూర్తి చేయించుకుంటుంది.

అసలు కథ అంతా ట్రాన్స్‌కోడింగ్‌, అంటే వీడియోను ఒక రూపం నుంచి మరొక రూపంలోకి మార్చడం, దగ్గర ఉంది. ఇలాంటి సర్వర్‌ పెట్టుకుని విసిగిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారని నా అనుమానం. సర్వర్‌ ఒక ఫైలును టీవీకి మూడు విధాలుగా పంపగలదు. టీవీకి ఆ ఫైలు పెట్టె (బొమ్మనూ ధ్వనినీ కలిపి ఉంచే ఎంకేవీ, ఎంపీ4 వంటి మూట), అందులోని బొమ్మ, ధ్వని మూడూ అర్థమైతే ఉన్నదున్నట్టు పంపుతుంది. సర్వర్‌కు దాదాపు పని ఉండదు. పెట్టె మాత్రమే అర్థం కాకపోతే లోపలి సరుకును ముట్టుకోకుండా పెట్టె మార్చి పంపుతుంది, ఇదీ తేలికే. బొమ్మే అర్థం కాకపోతే మాత్రం వీడియో మొత్తాన్ని అప్పటికప్పుడు విప్పి, టీవీకి తెలిసిన హెచ్‌.264 వంటి రూపంలోకి మళ్ళీ కూర్చి పంపాలి. వట్టి ప్రాసెసరుతో ఈ పని చేయిస్తే పాత ల్యాప్‌టాప్‌ ఫ్యాను పిండిమర చప్పుడు చేస్తుంది. ఎన్‌100లో వీడియో మార్చడానికే ఉన్న క్విక్‌సింక్‌ హార్డ్‌వేరుకు అప్పగిస్తే ఫ్యాను తిరుగుతున్నట్టే తెలియదు. ఆ హార్డ్‌వేరును జెల్లీఫిన్‌ ఉచితంగా వాడుకోనిస్తుంది కాని తనంతట తాను ఆన్‌ చేయదు. డ్యాష్‌బోర్డులోని ప్లేబ్యాక్‌ సెట్టింగుల్లోకి వెళ్ళి మనమే ఎంచుకోవాలి. నేను మొదటి వారం ఈ సంగతి గమనించనే లేదు.

ఎవరు ఏ వీడియో చూస్తున్నారో, అది నేరుగా వెళ్తున్నదో మారి వెళ్తున్నదో, మారితే ఎందుకు మారుతున్నదో కారణంతో సహా డ్యాష్‌బోర్డు చూపిస్తుంది. ఈ సాఫ్ట్‌వేరులో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. ఒక డీవీడీ ఫైలు ఎందుకు తడబడుతున్నదా అని చూస్తే, సబ్‌టైటిళ్ళను బొమ్మ మీద అచ్చువేయవలసి వస్తోందని అక్కడ రాసి ఉంది. డీవీడీ, బ్లూరే సబ్‌టైటిళ్ళు అక్షరాలు కావు, చిన్న చిన్న బొమ్మలు. వాటిని చూపలేని టీవీకి పంపాలంటే సర్వర్‌ వీడియో మొత్తాన్నీ తిరిగి తయారు చేయాలి. ఆ సబ్‌టైటిళ్ళు ఆపివేయగానే ఫైలు నేరుగా నడిచింది. డీటీఎస్‌ అనే పద్ధతిలో ఉన్న ధ్వని తెలియని టీవీలు చాలా ఉన్నాయి. అలాంటప్పుడు ఇది బొమ్మ జోలికి పోకుండా ధ్వనిని మాత్రం మార్చి పంపుతుంది. పెన్‌డ్రైవులో పెట్టినప్పుడు మూగగా నడిచిన ఫైళ్ళు ఇప్పుడు పలుకుతున్నాయంటే కారణం ఇది.

అయితే మూలంలో ఉన్న లోపాన్ని ఏ సర్వరూ దిద్దలేదు. అక్క పెళ్ళి క్యాసెట్లను కొన్నేళ్ళ క్రితం ఒక ఫొటో స్టూడియోకు ఇచ్చి డీవీడీలుగా చేయించాము. పాత వీడియోలో ఒక్కొక్క ఫ్రేము రెండు సగాలుగా, గీత విడిచి గీతగా నమోదై ఉంటుంది. దీన్ని ఇంటర్‌లేసింగ్‌ అంటారు. ఆ రెండు సగాలనూ సరిగా విడదీయకుండా స్టూడియోవారు ఒకే ఫ్రేముగా అతికి చిన్నది చేసి ఇచ్చారు. ఫలితంగా తలంబ్రాలు పోసే చేయి కదిలినప్పుడల్లా దాని అంచు దువ్వెన పళ్ళలా చీలుతుంది. ఇక ఆ డీవీడీకి చేయగలిగింది లేదు. క్యాసెట్లు పారేయకపోవడం మా అదృష్టం. పనిచేసే వీసీఆర్‌ ఒకటి వెతికి తెచ్చి, 720 బై 576 పరిమాణంలో మళ్ళీ పట్టి, హ్యాండ్‌బ్రేక్‌ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేరులో సెకనుకు 50 ఫ్రేములుగా విడదీసి పెట్టాను. నాన్నగారి మినీ డీవీ టేపులకూ ఇదే వైద్యం చేశాను. గంటకు 13 జీబీ దాకా ఆక్రమించే ఆ డీవీ ఫైళ్ళు టీవీలకు ఎలాగూ అర్థం కావు; చూడడానికి చిన్న నకళ్ళు చేసుకుని, అసలు ఫైళ్ళను వేరే డిస్కులో భద్రపరిచాను. ఇన్ని వీడియోలు ఒకే డిస్కు మీద ఉండి, అది కాస్తా ఒకనాడు టకటకమంటే ఏమిటి గతి అన్న భయం ఆ రెండో డిస్కు కొన్నాకే తీరింది.

పేర్ల విషయంలో తెలుగు ఇళ్ళకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. జెల్లీఫిన్‌ ఫైలు పేరును చూసి టీఎండీబీ వంటి సినిమా డేటాబేసుల నుంచి పోస్టరు, నటీనటుల వివరాలు తెచ్చుకుంటుంది. మన దగ్గర ఒకే పేరుతో సినిమాలు మళ్ళీ మళ్ళీ వచ్చాయి. దేవదాసు అన్న పేరుతో 1953లో, 1974లో, 2006లో మూడు తెలుగు సినిమాలు ఉన్నాయి. సంవత్సరం రాయకుండా వట్టి పేరు పెడితే అక్కినేని తాగుతున్న చోట కొత్త కుర్రవాడి పోస్టరు వచ్చి కూర్చోవచ్చు. సినిమాకొక ఫోల్డరు, పేరు పక్కనే కుండలీకరణాల్లో సంవత్సరం అన్న నియమం పాటిస్తే తప్పులు బాగా తగ్గుతాయి. వీసీడీల్లోని డాట్‌ ఫైళ్ళను ముందు ఎంపెగ్‌గా మార్చి, ఆ తరువాత ఇలాగే పేర్లు పెట్టాను. నాన్నగారి కోసం శీర్షికలన్నీ తెలుగు లిపిలో రాశాను. అయితే పక్కన కనిపించే అక్షరాల పట్టీ ఇంగ్లీషు వరసలోనిది కావడం వల్ల తెలుగు శీర్షికలు దానికి దొరకవు. ప్రతి వీడియోకూ సార్ట్‌ టైటిల్‌ అనే గడిలో ఇంగ్లీషు అక్షరాలతో పేరు రాయవలసి వచ్చింది. రెండు ఆదివారాలు దీనికే పోయాయి.

ఇంటి వీడియోలకు ఏ డేటాబేసూ సాయపడదు. వాటికి హోమ్‌ వీడియోలు అనే లైబ్రరీ రకం వేరే ఉంది గాని, సినిమాల భాగం మీద పెట్టిన శ్రద్ధ దీని మీద పెట్టలేదనిపిస్తుంది. ఊరు, నాటక సమాజం, పాత్రధారులు ఇలా వర్గాలుగా చూసుకునే ఏర్పాటు చక్కగా లేదు. అందుచేత పద్యనాటకాలను కూడా సినిమాలుగానే నమోదు చేసి, వివరాలన్నీ చేత్తో నింపి, ఫొటోల్లో ఒకదాన్ని పోస్టరుగా పెట్టాను. ఇది అడ్డదారే, కాని పని జరిగింది.

తెలుగు సబ్‌టైటిళ్ళు పెట్టుకునేవారికి ఇంకొక మాట. ఎస్‌ఆర్‌టీ ఫైలును (సబ్‌టైటిళ్ళ పాఠం ఉండే ఫైలు) యూటీఎఫ్‌-8 అనే అక్షర సంకేత పద్ధతిలో భద్రపరచకపోతే అక్షరాల బదులు చెత్త కనిపిస్తుంది. అది సరిగా ఉన్నా, సర్వర్‌ వాటిని బొమ్మ మీద అచ్చువేయవలసి వచ్చినప్పుడు సర్వర్‌లో తెలుగు ఫాంటు లేకపోతే ఖాళీ గడులే వస్తాయి. నోటో సాన్స్‌ తెలుగు వంటి ఫాంటు ఒకటి సర్వర్‌లో వేసుకోవడం మంచిది. బ్రౌజరులో చూసేవారి కోసం ఫాల్‌బ్యాక్‌ ఫాంట్ల (ఉన్నవాటిలో అక్షరం లేనప్పుడు వాడే ఫాంట్ల) ఫోల్డరు చూపించే వీలు సెట్టింగుల్లో ఉంది.

వైరు గురించి ఒక వింత చెప్పాలి. వైఫై కంటే వైరు ఎప్పుడూ మేలని నమ్మి, కింద టీవీ దాకా గోడకు కన్నం పెట్టించి కేబులు లాగించాను. చాలా టీవీలలో ఈథర్నెట్‌ పోర్టు వేగం సెకనుకు 100 మెగాబిట్లకే పరిమితం. డీవీడీ, హెచ్‌డీ సరుకుకు అది కావలసినదానికంటే ఎక్కువే. 4కే బ్లూరే స్థాయి ఫైళ్ళకు మాత్రం కొన్ని ఘట్టాల్లో చాలదు. రౌటరు దగ్గరలో ఉంటే అదే టీవీ 5 గిగాహెర్ట్జ్‌ వైఫై మీద ఇంకా వేగంగా లాగుతుంది. సర్వర్‌ నుంచి రౌటరుకు మాత్రం వైరు తప్పనిసరి, ఆ విషయంలో రాజీ వద్దు.

ఇక నాన్నగారి సంగతి. కింది టీవీకి యాప్‌ స్టోరులోనే జెల్లీఫిన్‌ దొరికింది. మేడ మీది పాత టీవీకి ఆండ్రాయిడ్‌ టీవీ స్టిక్కు ఒకటి తగిలించాను. నాన్నగారికి వేరే ప్రొఫైలు పెట్టి, అందులో నాటకాలు, పాత సినిమాలు, కుటుంబం అని మూడు లైబ్రరీలే కనిపించేలా చేశాను. తెరవగానే సగంలో ఆపినవి పైవరసలో ఉంటాయి. మూడో రోజు ఆయన మేడ మెట్ల దగ్గర నిలబడి, "ఒరేయ్‌, నిన్న హరిశ్చంద్రలో వారణాసి దగ్గర ఆపాను, అక్కడినుంచే వస్తోందిరా" అన్నారు. ముందుకు జరుపుతూ పోతే ఆయా చోట్ల బొమ్మలు చిన్నవిగా కనిపించే ట్రిక్‌ప్లే సౌకర్యం 10.9 వెర్షన్‌తో వచ్చింది. తనకు నచ్చిన పద్యం ఎక్కడుందో కిరీటాన్ని చూసి పట్టుకుంటున్నారు. ఇంటర్నెట్టు పోయిన సాయంత్రాల్లో కూడా, రౌటరుకు కరెంటు ఉన్నంతసేపూ, చూడడానికి అడ్డు లేదు.

ఏడాదిలో ఆయన నన్ను పిలిచిన సందర్భాలు లేకపోలేదు. సర్వర్‌ను కొత్త వెర్షనుకు మార్చిన మరునాడు టీవీ యాప్‌ మళ్ళీ లాగిన్‌ అడిగింది. రిమోటుతో పాస్‌వర్డు కొట్టడం ఆయన వల్ల కాలేదు. అప్పటినుంచి క్విక్‌ కనెక్ట్‌ వాడుతున్నాం. టీవీ మీద కనిపించే ఆరంకెల కోడు ఆయన నాకు ఫోను చేసి చదివి చెబితే, నేనున్న చోటి నుంచే అనుమతి ఇస్తున్నాను.

ఊరు దాటి చూడాలంటే జెల్లీఫిన్‌లో సిద్ధంగా ఉన్న ఏర్పాటు ఏదీ లేదు. పోర్టు తెరిచి సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్టుకు వదలడం నాకు ఇష్టం లేదు. పైగా మన దేశంలో చాలా కనెక్షన్లలో ఒకే పబ్లిక్‌ చిరునామాను అనేక ఇళ్ళకు పంచుతారు కనుక తెరిచినా పనిచేయదు. దూరం నుంచి ఇంటి నెట్‌వర్కుకు భద్రమైన దారి వేసే టెయిల్‌స్కేల్‌ అనే వీపీఎన్‌ను సర్వర్‌లోను, డాలస్‌లో ఉన్న అక్క ల్యాప్‌టాప్‌లోను వేశాక దారి కుదిరింది. అంత దూరానికి వీడియోను పలచన చేసి పంపే పని మళ్ళీ ఎన్‌100దే.

పోయిన నెల అక్క తన పెళ్ళి వీడియో చూస్తూ ఒక గంటా పన్నెండు నిమిషాల దగ్గర ఆపి, పంక్తిలో గుత్తివంకాయ వడ్డిస్తున్న పొడుగాటి మనిషి ఎవరని ఫోను చేసింది. నాన్నగారు కింద టీవీలో అదే చోటికి వెళ్ళి, కళ్ళద్దాలు తుడుచుకుని చూసి, పేరూ ఊరూ చెప్పారు. ఆ రెండూ ఇప్పుడు వీడియో కింద వివరాల గడిలో ఉన్నాయి.